అడుగులో ఉన్న తాళం: అమెరికా విశ్వవిద్యాలయాల్లో ఎవె డోళ్లు, నాట్యం

అమెరికాలోని అనేక విశ్వవిద్యాలయాల సంగీత విభాగాల్లో ‘పశ్చిమ ఆఫ్రికా సంగీత నాట్య బృందం’ అనే తరగతి ఒకటి ఉంటుంది. సంగీతం బొత్తిగా రానివారు మొదలుకొని ఏళ్ల తరబడి వయొలిన్ సాధన చేసినవారి దాకా ఎవరైనా అందులో చేరవచ్చు. స్వరలిపి చదవడం రావాలన్న నియమం సాధారణంగా ఉండదు. చూసేవారికి అది చేతుల బలంతో, ఉత్సాహంతో నెగ్గుకురాగల చదువులా కనిపిస్తుంది. తీరా చేరాక, పాశ్చాత్య సంగీతంలో మంచి శిక్షణ పొందినవారు కూడా రెండు మూడు వారాల పాటు దిక్కుతోచక నిలబడిపోవడం తరచుగా జరుగుతుంది. చేతికి వచ్చిన దెబ్బలే వరుసగా పడుతున్నా, పక్కవారి డోలు మోగగానే తమ దెబ్బ ఎక్కడ మొదలైందో వారికి అంతుపట్టదు. ఈ చిక్కు సంగీతంలో స్వతహాగా ఉన్నది కొంత. దాన్ని నేర్చే పద్ధతి వల్ల పడేది అంతకంటే ఎక్కువ. నాట్యాన్ని పక్కన పెట్టి డోలును మాత్రమే నేర్చుకోబోయినప్పుడు తాళం దొరకదు, ఎందుకంటే ఆ తాళాన్ని మోసేది నర్తకుల పాదమే. ఈ మాటను నిరూపించడానికి ఒక ప్రాంతాన్ని, అంటే ఘానా, టోగో దేశాల్లోని ఎవె ప్రజల సీమను, అక్కడి ఒక ఇనుప గంట దెబ్బల వరుసను తీసుకుని దగ్గరగా పరిశీలిద్దాం.

ప్రాంతాన్ని ఎంచుకోక తప్పదు, ఎందుకంటే పశ్చిమ ఆఫ్రికా అన్నది సెనెగల్ నుంచి నైజీరియా దాకా పరచుకున్న నేల. గినీ, మాలి దేశాల జెంబే డోలు ఒక సంప్రదాయం. ఉత్తర ఘానాలో దగోంబా ప్రజలు చంకలో ఇరికించుకుని, తాళ్లను నొక్కుతూ నాదం ఎక్కించి దించే లుంగా మరొకటి. అక్రా నగరంలో ‘గా’ అనే జాతి యువకులు 1960ల్లో రూపుదిద్దిన క్పాన్‌లోగో నాట్యం ఇంకొకటి. హైదరాబాద్ పెళ్లిళ్లలో మోగే మర్ఫా వినివున్న తెలుగువారికి ఆఫ్రికా డోలు అనగానే అది గుర్తుకు రావడం సహజం. అయితే సిద్దీలూ, హద్రమీ అరబ్బులూ దక్కనుకు తెచ్చిన ఆ వాద్యపు మూలాలు తూర్పు ఆఫ్రికాలో, యెమెన్‌లో ఉన్నాయి. తరగతిలో ఏది నేర్పుతారన్నది గురువు ఏ ఊరినుంచి వచ్చారన్నదాన్ని బట్టి ఉంటుంది. అమెరికా విశ్వవిద్యాలయాల్లో ఎక్కువగా వినబడేవాటిలో ఆగ్నేయ ఘానాలోని వోల్టా ప్రాంతంలోనూ, దక్షిణ టోగోలోనూ నివసించే ఎవె ప్రజల సంగీతం ఒకటి. ఈ వ్యాసం దాని గురించే.

ఈ సంగీతం తరగతి గదికి చేరిన దారి తెలిస్తే తరువాతి చర్చ తేలికవుతుంది. 1957లో స్వాతంత్ర్యం పొందిన ఘానాలో అధ్యక్షుడు క్వామె ఎన్‌క్రుమా దేశపు కళలను కొత్త జాతికి ఉమ్మడి ఆస్తిగా నిలపాలని తలచారు. లేగోన్‌లోని ఘానా విశ్వవిద్యాలయంలో ఆఫ్రికా అధ్యయన సంస్థ వెలిసింది. 1962లో దానికి అనుబంధంగా ఘానా నాట్య బృందం ఏర్పడింది. సంగీత శాస్త్రవేత్త క్వబెనా ఎన్కేతియా, నాట్యాచార్యుడు మావెరె ఓపోకు దాని సారథులు. ఊళ్లలో గంటల తరబడి, జనం చుట్టూ చేరి ఆడుకునే నాట్యాలను కొద్ది నిమిషాల రంగస్థల రూపాలుగా కుదించి, ఎవె, అశాంతి, గా, దగోంబా ప్రజల కళలను ఒకే కార్యక్రమంలో పక్కపక్కన నిలిపే పద్ధతి అక్కడ స్థిరపడింది.

అదే కాలంలో అమెరికాలో, లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో మాంటిల్ హుడ్ అనే ఆచార్యుడు, పరాయి సంగీతాన్ని అధ్యయనం చేసేవారు దాన్ని స్వయంగా వాయించడం నేర్చుకోవాలని 1960లో వాదించారు. పుస్తకాల్లో చదివితే చాలదన్న ఆ వాదన ఫలితంగానే జావా దీవి వాద్యబృందమైన గేమలాన్, ఘానా డోళ్లు, మన మృదంగం పాఠ్యాంశాలయ్యాయి. కనెక్టికట్ రాష్ట్రంలోని వెస్లియన్ విశ్వవిద్యాలయంలో ఈ కార్యక్రమాన్ని ఆరంభించిన రాబర్ట్ బ్రౌన్ స్వయంగా మృదంగ విద్యార్థి. ఆయన ఆహ్వానంపై వచ్చిన టి. రంగనాథన్ అక్కడ మృదంగం నేర్పారు. అదే ప్రాంగణంలో ఘానాకు చెందిన అబ్రహం అడ్జెన్యా నాలుగు దశాబ్దాలకు పైగా డోళ్లు నేర్పారు. పడమటి తీరంలో అన్యాకో అనే ఎవె ఊరికి చెందిన లడ్జెక్పో కుటుంబం ఈ విద్యకు పెద్ద ఆధారమైంది. కోబ్లా, ఆల్ఫ్రెడ్ సోదరులు కాలిఫోర్నియా కళా విద్యాసంస్థలోనూ, సీకే లడ్జెక్పో బర్కిలీలోనూ 1970ల నుంచి తరాల విద్యార్థులను తయారుచేశారు.

ఇక గంట సంగతి. గాంకోగుయి అంటే ఒకదాని మీద ఒకటి అతికించిన రెండు ఇనుప గంటలు. పెద్దది మంద్రంగా, చిన్నది హెచ్చు స్థాయిలో పలుకుతాయి, కర్రపుల్లతో కొడతారు. అగ్బాద్జా, అగ్బెకొర్ వంటి నాట్యాలలో ఈ గంట పన్నెండు మాత్రల ఆవర్తనంలో ఏడు దెబ్బలు వేస్తుంది: 1, 3, 5, 6, 8, 10, 12 మాత్రల మీద. అంకెలకన్నా మన ఛందస్సు దీన్ని బాగా పట్టిస్తుంది. గురువుకు రెండు మాత్రలు, లఘువుకు ఒకటి కదా. ఈ వరుస గురువు, గురువు, లఘువు, గురువు, గురువు, గురువు, లఘువు అవుతుంది. ‘గోపాల రాధాలోల’ అని మాత్రలు తప్పకుండా పదే పదే అనుకుంటే గంట వరుస నోటికి వచ్చినట్టే. ‘గో’ మీద మంద్రమైన గంట, మిగిలిన ఆరు అక్షరాల మీద చిన్న గంట. నోటితో వరుసను పట్టడం ఎవె గురువులు కూడా చేయించేదే, వారి అక్షరాలు వేరు.

ఇప్పటిదాకా కష్టమేమీ లేదు. అసలు ప్రశ్న, ఈ పన్నెండు మాత్రలలో పాదం ఎక్కడ పడుతుందన్నది. నర్తకులు ఆవర్తనానికి నాలుగు అడుగులు వేస్తారు, మూడేసి మాత్రల ఎడంతో: 1, 4, 7, 10. మొదటి అడుగు ‘గో’ తోనే పడుతుంది. రెండో అడుగు ‘పా’ దీర్ఘంలోని రెండో సగంలో, గంట మోగని చోట పడుతుంది. మూడోది ‘రా’ దీర్ఘంలోని రెండో సగంలో, మళ్లీ గంట లేని చోట. నాలుగోది ‘లో’ తో కలుస్తుంది. అంటే నాలుగు అడుగుల్లో రెండింటికే గంట తోడు వస్తుంది. మిగిలిన రెండూ గంట మౌనంగా ఉన్న మాత్రల మీద, నర్తకుని సొంత నిబ్బరంతో పడాలి. కూర్చున్నచోటే కాలితో నాలుగు దెబ్బలు వేస్తూ, నోటితో ‘గోపాల రాధాలోల’ అని చూసిన పాఠకులకు ఈ ఇబ్బంది వెంటనే అర్థమవుతుంది.

కొత్తవారి చెవి ఈ నాలుగు అడుగుల దారిని వదిలి మరో దారి పడుతుంది. గంట ఆరంభంలో వరుసగా రెండు గురువులున్నాయి గనుక, ఇది రెండేసి మాత్రల నడక అని చెవి నిర్ణయించుకుంటుంది. అప్పుడు ఆవర్తనానికి ఆరు దెబ్బలు: 1, 3, 5, 7, 9, 11. మొదటి మూడూ ‘గో’, ‘పా’, ‘ల’ అక్షరాల మీద హాయిగా కలిసిపోతాయి. తరువాతి మూడింటిలో ఒక్కటి కూడా గంటతో కలవదు. సగం ఆవర్తనం దాకా అంతా సవ్యంగా సాగి, మిగతా సగంలో కాలు జారినట్టనిపించడానికి కారణం ఇదే. విద్యార్థి తన చేయి తప్పిందనుకుని గంట దెబ్బను అటో ఇటో జరుపుతాడు; దానితో బృందమంతా కూలుతుంది. నిజానికి ఆ ఆరు దెబ్బల లయ కూడా తప్పుడు లయ కాదు. నాలుగుతో పాటు ఆరు కూడా ఈ సంగీతంలో నిండుగా ఉంది. పాటలోనూ, ప్రధాన డోలు వాక్యాల్లోనూ అది పైకి తేలుతూ ఉంటుంది. నాలుగులో నిలబడి ఆరును వినగలగడమే ఇక్కడి విద్య.

తిశ్ర గతిలో, అంటే దెబ్బకు మూడేసి మాత్రల నడకలో, నాలుగు దెబ్బలు అంటే కర్ణాటక సంగీతం నేర్చిన తెలుగు విద్యార్థికి కొత్తేమీ ఉండదు. అయినా ఒక తేడా వారిని కూడా తికమక పెడుతుంది. మన పద్ధతిలో తాళాన్ని చేత్తో వేసి చూపిస్తాం. చప్పట్టు, వేళ్ల లెక్క, విసుర్లు కంటికి కనబడతాయి, పాడేవారు ఎంత దూరం వెళ్లినా తిరిగి వచ్చే చోటు అదే. ఎవె బృందంలో ఆ పనిని చేత్తో చేసి చూపేవారు ఎవరూ లేరు. గంట అందరికీ ఆధారమే గాని, అది తాళపు దెబ్బలను కొట్టదు. తాళం తెలిసినవారు వాలడానికి ఒక ఆకృతిని మాత్రం ఇస్తుంది. తాళాన్ని చూడాలంటే నర్తకుల పాదాల వైపు చూడాలి.

గంట చుట్టూ మిగతా వాద్యాలు చేరతాయి. అహాత్సె అంటే పూసల వల చుట్టిన ఎండు సొరబుర్ర. కూర్చున్నవారు దాన్ని తొడ మీద కొట్టి గంటను అనుసరిస్తూ, పైకెత్తి అరచేతికి తాకించి ఖాళీ మాత్రలను నింపుతారు. కగాను అందరికన్నా చిన్న డోలు, నాదం తీక్షణం. అగ్బెకొర్‌లో అది ప్రతి అడుగు తరువాతి రెండు మాత్రలనూ కొడుతుంది, అడుగు పడే మాత్రను మాత్రం వదిలేస్తుంది. బృందంలో ఇది అన్నిటికన్నా సులువైన వరుస అని చెప్పి కొత్తవారికి ఇస్తారు. నా దృష్టిలో ఇదే అన్నిటికన్నా కఠిన పరీక్ష. కగానును ఒంటరిగా వింటే ఆ రెండు దెబ్బల్లో మొదటిదే తాళమని చెవి పొరబడుతుంది, వాయించేవారు తమకు తెలియకుండానే ఒక మాత్ర పక్కకు జరిగిపోతారు. చేతులు అవే దెబ్బలు కొడుతున్నాయి, వేగం మారలేదు, కానీ లోపలి తాళం మారిపోయింది. అనుభవమున్న గురువు ఈ జరుగుబాటును విద్యార్థి మడమను చూసి కనిపెడతారు: అడుగు పడవలసిన మాత్రలో మడమ కదలకుండా, డోలు దెబ్బతో కలిసి కదిలితే ఆ విద్యార్థి తప్పిపోయినట్టే. అప్పుడు డోలును పక్కన పెట్టించి, నిలబెట్టి, కుడి ఎడమ అడుగులు వేయిస్తూ కగానును చప్పట్లతో కొట్టిస్తారు. కూర్చుని అరగంటలో కుదరనిది నిలబడి కొద్ది నిమిషాల్లో కుదరడం అరుదేమీ కాదు.

పండితుల మధ్య ఈ విషయమై నడిచిన వాదం కూడా చివరికి పాదం దగ్గరికే చేరింది. ఆంగ్ల మత ప్రచారకుడూ, సంగీత పరిశోధకుడూ అయిన ఏ. ఎం. జోన్స్, లండన్‌లో డెస్మండ్ టే అనే ఎవె వాద్యకారునితో పని చేసి, ప్రతి దెబ్బనూ కదిలే కాగితం మీద గుర్తించే ఒక యంత్రం సాయంతో ఈ సంగీతాన్ని లిపిబద్ధం చేసి 1959లో ప్రచురించారు. ఆ శ్రమ అసాధారణమైనది. అయితే ఆయన ఒక్కొక్క డోలుకూ ఒక్కొక్క తాళ విభజన ఉన్నట్టు, ఒకే సమయంలో అనేక తాళాలు నడుస్తున్నట్టు రాశారు. ఆ రాతను చూసినవారికి ఇది మానవమాత్రులకు సాధ్యం కాని జటిల సంగీతమనిపిస్తుంది. ఘానాకు చెందిన సంగీత శాస్త్రవేత్త కోఫీ అగావు 1990ల నుంచి దీన్ని గట్టిగా ఖండించారు. వాద్యకారులందరూ పంచుకునే తాళం ఒక్కటే ఉందనీ, అది నర్తకుల అడుగుల్లో స్పష్టంగా ఉందనీ, నాట్యాన్ని వదిలేసి డోళ్ల ధ్వనిని మాత్రమే కాగితం మీద పెట్టడం వల్లనే ఈ లేని జటిలత్వం పుట్టిందనీ ఆయన వాదన సారాంశం. ఆఫ్రికా సంగీతాన్ని వింత వస్తువుగా చూపాలన్న పాశ్చాత్య తపన కూడా దాని వెనుక ఉందని ఆయన అభిప్రాయం. టఫ్ట్స్ విశ్వవిద్యాలయంలో చిరకాలం బోధించిన డేవిడ్ లాక్ మరో కోణం చూపారు: తాళం ఒక్కటే అయినా, అదే ధ్వనిని అనేక విధాలుగా వినే అవకాశాన్ని ఈ సంగీతం కావాలనే తెరిచి ఉంచుతుంది. ఈ రెండూ పరస్పరం కొట్టివేసుకునే మాటలని నేననుకోను. మొదటిది నిలబడే చోటును చూపుతుంది, రెండోది అక్కడ నిలబడ్డాక వినబడేదాన్ని చెబుతుంది. కొత్త విద్యార్థికి మాత్రం ముందు కావలసింది మొదటిదే.

నాట్యంతో ఉన్న ముడి తాళంతో ఆగదు. ఒకప్పటి యుద్ధ నాట్యమైన అగ్బెకొర్‌లో ప్రధాన డోలు అత్సిమెవు. చెక్క బద్దలను ఇనుప కట్లతో బిగించి చేసిన ఈ పొడవాటి డోలును ఒక చట్రానికి ఆనించి వంచి పెడతారు. వాయించేవారు పక్కన నిలబడి ఒక చేత్తో, ఒక కర్రతో గాని, రెండు కర్రలతో గాని వాయిస్తారు. చర్మం మీద చేతి దెబ్బ, కర్ర దెబ్బ, చేత్తో అదిమి ఉంచి కొట్టిన కర్ర దెబ్బ, చెక్క పక్క మీద కొట్టిన దెబ్బ వేటికవే అక్షరాలు: గ, ద, గి, దె, తొ, త్సి, క. మృదంగం జతులు తెలిసినవారికి ఈ పద్ధతి పరిచయమే. అయితే ఎవె భాషలో స్వరం ఎక్కితే ఒక అర్థం, దిగితే మరో అర్థం వస్తుంది గనుక డోలు ఎత్తుపల్లాలు చాలాసార్లు నిజమైన వాక్యాలనే అనుసరిస్తాయి. అజగునొ అని పిలిచే ప్రధాన వాద్యకారుడు ఒక వాక్యం పలికితే కిడి, సొగొ అనే డోళ్లు దానికి నిర్ణీతమైన జవాబు ఇస్తాయి. నర్తకులు ఆ వాక్యాన్ని గుర్తుపట్టి దానికి చెందిన కదలికలోకి వెళతారు. మోకాళ్లు కాస్త వంచి, నడుము ముందుకు వాల్చి, వీపు రెక్కలను లోపలికి లాగి వదిలే కదలిక ఎవె నాట్యాలకు ప్రాణం. ఇక్కడ ఎవరూ అంకెలు లెక్కించరు. సంకేతం ఎప్పుడు వస్తుందో ముందుగా నిశ్చయం ఉండదు గనుక, ఎనిమిది ఆవర్తనాల తరువాత తిరగాలని కంఠస్థం చేసిన విద్యార్థి ఏడో ఆవర్తనంలోనే పిలుపు వస్తే నిలుచుండిపోతాడు.

అందుకే అందరికీ అన్నీ నేర్పే తరగతులను నేను మెచ్చుకుంటాను. నాట్యం చేసినవారే మరో రోజు కిడి పట్టుకున్నప్పుడు, తమ జవాబు ఎవరి శరీరాన్ని కదిలిస్తోందో వారికి తెలుస్తుంది. డోళ్లకు కొందరినీ, నాట్యానికి కొందరినీ సెమిస్టర్ మొదట్లోనే విడదీసే తరగతులు కచేరీని చక్కగా ముగిస్తాయి గాని, విద్యార్థులను ఆ విద్య గుమ్మం బయటే ఉంచుతాయి.

విశ్వవిద్యాలయం మార్చేవి ఇంకా ఉన్నాయి. ఎవె ఊళ్లలో పిల్లలు తల్లి వీపున కట్టుకున్న గుడ్డలో ఉన్నప్పుడే ఆమె అడుగును తమ ఒంటితో గ్రహిస్తారు. తరువాత డబ్బాల మీద వాయించి, పెద్దల మధ్య తిరిగి, ఎవరూ కూర్చోబెట్టి పాఠం చెప్పకుండానే వాద్యకారులవుతారు. సుమారు పదిహేను వారాల సెమిస్టర్‌లో, వారానికి రెండు మూడు గంటల్లో ఆ బాల్యాన్ని సమకూర్చడం సాధ్యం కాదు. గురువు గంట వరుసను ముక్కలు చేసి చెబుతారు, కొందరు లిపి రాసి ఇస్తారు, ఎక్కువమంది విద్యార్థులు ఫోనులో రికార్డు చేసుకుంటారు. వీటిలో తప్పు పట్టవలసింది ఏదీ లేదు, అవి అడుగును మరిపించనంతవరకు.

రంగస్థలం మరింత లోతైన మార్పు తెస్తుంది. అగ్బాద్జా నేటికీ అంత్యక్రియల్లో, పండుగల్లో వచ్చినవారందరూ కలిసి ఆడేది. అక్కడ వాద్యకారులకూ, నర్తకులకూ, చూసేవారికీ మధ్య గీత ఉండదు. గాహు అనే నాట్యం వలయంగా తిరుగుతూ ఆడేది. ప్రేక్షకుల వైపు ముఖం తిప్పాలంటే ఆ వలయాన్ని తెంచాలి. లేగోన్ బృందం 1960ల్లో రూపొందించిన కుదింపులే చాలా తరగతుల్లో ‘సంప్రదాయం’గా అందుతున్నాయన్నది విద్యార్థులకు చెప్పవలసిన సంగతి. ఆ కుదింపులు ఒక స్వతంత్ర దేశపు కళాకారులు ఆలోచించి చేసినవి, వాటికి తమదైన గౌరవం ఉంది; కానీ అవి ఊరి రూపాలు మాత్రం కావు. అలాగే ఎవె సమాజంలో ప్రధాన డోలు వాయించేది ఎక్కువగా పురుషులు, పాటను, నాట్యాన్ని ముందుండి నడిపేది స్త్రీలు. అమెరికా తరగతిలో ఈ విభజన ఉండదు, ఉండకపోవడమే మంచిది. యెవె (ఇది ఎవె జాతి పేరు కాదు, వారిలోని ఒక ఆరాధనా సంప్రదాయం పేరు) వంటి ఆరాధనా బృందాల సంగీతం విషయంలో మాత్రం ఏది నేర్పవచ్చో, ఏది నేర్పరాదో నిర్ణయించే హక్కు ఆ సంప్రదాయంలో పెరిగిన గురువుదే. అటువంటి గురువులను అనేకచోట్ల పూర్తి స్థాయి ఆచార్యులుగా నియమించక, ఏటేటా పొడిగించే తాత్కాలిక ఒప్పందాల మీద ఉంచడం ఈ విద్యకు జరుగుతున్న పెద్ద అన్యాయం.

మార్కులు వేయడం కూడా ఈ చదువులో సులువైన పని కాదు. ఎన్ని వాక్యాలు వచ్చో, ఎంత వేగంగా వాయించగలరో కొలవడం తేలిక. అయితే బృందానికి అవసరమైన గుణం వేరు: పక్కనున్న కిడి మారినా, ప్రధాన డోలు తాళానికి అడ్డంగా ఆరు దెబ్బల లయలోకి వెళ్లినా, తన కగానును కదలనివ్వకుండా, ఆ మార్పును వింటూ ఉండగలగడం. నన్నడిగితే పరీక్షలో ఒక్కటే చేయించాలి: గంట వాయిస్తూ అడుగు వేయాలి, గురువు అత్సిమెవు మీద ఏం చేసినా అడుగు చెదరకూడదు.

పాట గురించి చెప్పకపోతే ఈ వివరణ సగమే అవుతుంది, ఎందుకంటే తరగతుల్లో సమయం చాలనప్పుడు ముందుగా కోతపడేది అదే. ఎవె నాట్యాలన్నిటిలోనూ ఒకరు ఎత్తుకుంటే అందరూ అందుకునే పాట ఉంటుంది. అగ్బెకొర్ పాటల్లో యుద్ధం, మరణం, ధైర్యం వస్తాయి. నేటి టోగోలోని నోట్సీ పట్టణం నుంచి పూర్వులు తరలివచ్చిన వలస ఎవె ప్రజల జ్ఞాపకంలో ప్రధానమైనది, దాని ఛాయలు కూడా వారి పాటల్లో వినిపిస్తాయి. డోళ్లు ఎంత గట్టిగా మోగినా ఎవె శ్రోతలు మంచి ప్రదర్శనకు గుర్తుగా పాట నిండుదనాన్నే చూస్తారు. గాడ్విన్ అగ్బెలి అనే గురువు వోల్టా ప్రాంతంలోని కొపేయియా అనే పల్లెలో స్థాపించిన కేంద్రానికి విదేశీ విద్యార్థులు వెళ్లి నేర్చుకుంటారు. అక్కడ ఊరివారితో కలిసి ఆడేటప్పుడు డోలు కొట్టడానికి వంతు రాకపోయినా, పాట రానివారికి మాత్రం చేయడానికి పని ఉండదు. మొదటి వారంలోనే పాట నేర్పి, పాడుతూ అడుగు వేయించి, ఆ తరువాతే గంటను చేతికిచ్చే గురువులు కొందరు ఉన్నారు. వారి విద్యార్థులు కగాను దగ్గరికి వచ్చేసరికి తాళాన్ని వెతుక్కోవలసిన అవసరం చాలా తక్కువగా ఉంటుంది.